అప్పలరాజు పొట్టకి వీడ్కోలు భోజనాలు

అప్పలరాజు కథ భిలాయిలో మన తెలుగువాళ్ళు ఎవరిని అడిగినా చెబుతారు. బొంబాయిలో పెద్ద డాక్టరొకాయన అతని పొట్ట కోసి బకెట్టెడు కొవ్వు తీసి పారేశాడట. ఏనుగులా రైలెక్కినవాడు సినిమా హీరోలా దిగాడట. మా ఆస్పత్రిలో చెప్పుకునే కథ వేరు, అది మరీ మర్యాదగా ఉంటుంది. డైటీషియన్ మేడమ్ చార్టు రాసిచ్చింది, పేషెంటు తు.చ. తప్పకుండా పాటించాడు, అంతా శుభం.

రెండూ తప్పే. ఆ ఆపరేషన్లో కొవ్వు తియ్యరు. పొట్ట పైభాగాన్ని పిన్నులు కొట్టి చిన్న సంచిలా చేస్తారు, పిడికెడు తింటే నిండిపోయేలాగ. ఇక హీరో సంగతి. రైలు దిగిన అప్పలరాజు గోడకి చేరబడి నిలబడి, వాంతి వస్తుందేమోనని రుమాలు పట్టుకుని ఉన్నాడు. నా చార్టు సంగతి నేనే చెబుతాను. ఒకసారి సగం పనిచేసింది, ఒకసారి నా నోటివల్లే నాశనమైంది, మూడోసారి గట్టెక్కింది గాని ఆ గొప్ప నాది కాదు.

ఆస్పత్రి వంటశాల చూసుకుంటూ పేషెంట్లకి తిండి చెబుతూ పాతికేళ్ళు గడిపి, ఈ మధ్యనే గడువుకి ముందుగా తప్పుకున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు ప్రమోషన్లు ఎలా వస్తాయని నన్ను అడగవద్దు, నాకు రాలేదు. పని ఎలా ఉంటుందని అడిగితే మాత్రం ఈ ఒక్క కేసు చెబుతాను.

బియ్యం కాటా

తొంభైల చివర్లో సంగతి. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అంటే మా దగ్గర డాక్టర్లు కూడా పత్రికల్లో చదివినవాళ్ళే. అప్పలరాజు స్టీల్ ప్లాంటు మిల్లులో క్రేన్ ఆపరేటరు, సెక్టర్ 4 క్వార్టర్లలో ఉండేవాడు, మాది విజయనగరమైతే వాళ్ళది బొబ్బిలి దగ్గర. మోకాళ్ళు, ఆయాసం, బీపీ అన్నీ ఉన్నాయి. అతని కాగితాలు బొంబాయి వెళ్ళాయి, అక్కడి సర్జన్ ఉత్తరం వచ్చింది. పది వారాల తర్వాత తేదీ ఇచ్చాడు. ఆ లోపల పది కిలోలు తగ్గించి పంపండి, మత్తు ఇచ్చేవాళ్ళకి ప్రమాదం తగ్గుతుంది, ముందు తగ్గలేనివాడు తర్వాత నిలబెట్టుకోలేడు అని రాశాడు. తగ్గకపోతే వెనక్కి పంపేస్తానని కూడా రాశాడు.

మా పెద్ద డాక్టరుగారు బెంగాలీ. పనిలో దిట్ట, మాటలో నాకు ఏమీ తీసిపోరు. ఉత్తరం నా ముందు పడేసి, "మేడమ్, మీ ఆంధ్రావాళ్ళు చావల్ మానరు. ఇతను తగ్గడు. పది కిలోలు తగ్గాడని మీరు రాసిస్తే నేను సంతకం పెడతాను" అన్నారు.

"మీ ఇంట్లో చేపల పులుసు అన్నంలో కాక దేంట్లో కలుపుకుంటారు సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఫైలు మాత్రం ఇచ్చారు.

తూకం వెయ్యబోతే వార్డు కాటా నూటపాతిక దగ్గర ఆగిపోయింది. వంటశాల గోడౌన్లో బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది, అక్కడికి తీసుకెళ్ళాను. వంటవాళ్ళంతా పని మానేసి వచ్చి నిలబడ్డారు. నూట నలభై ఆరు.

"రెండు బస్తాలకి నాలుగు కిలోలు తక్కువ" అన్నాడు మా వంట మేస్త్రీ.

"నాయం తూకమేనా మేస్త్రీ? మీ కాటా బియ్యానికి తక్కువ సూపిత్తాదని ఇన్నాను" అన్నాడు అప్పలరాజు. ఆ మాటతో అతనంటే నాకు ఇష్టం కలిగింది. నవ్వించగలిగే పేషెంటుతో సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆ మిగతా సగం ఎక్కడుంటుందో అప్పటికి నాకు తెలియదు.

అతని భార్య నరసమ్మ కాటా పక్కన నిలబడి, అతని చెప్పులూ సంచీ పట్టుకుని ఉంది. బొద్దుగా ఉండేది. గాజులు ముంజేతికి కరుచుకుని, తియ్యాలంటే సబ్బు కావలసినట్టు ఉండేవి. ఆ గాజులు గుర్తుపెట్టుకోండి. నేను అప్పుడు గుర్తుపెట్టుకోలేదు.

ఫోటో, మెట్లు

ఎంత తగ్గాలనుకుంటున్నావని అడిగితే జేబులోంచి ఫోటో తీశాడు. పెళ్ళి ఫోటో. అందులో వెదురుకర్రలాంటి కుర్రాడు.

"అరవై కేజీలమ్మా. ఇలాగయిపోవాల."

"ఇందులో నీ వయసెంత?"

"ఇరవై రెండు."

"ఇప్పుడు?"

"నలబై ఒకటి."

"ఆపరేషన్ బరువు తగ్గిస్తుంది గాని వయసు తగ్గించదు అప్పలరాజూ. అన్నీ బాగా జరిగితే ఏడాదికి వందా, ఆ చుట్టుపక్కలకి వస్తావు. చర్మం వేలాడుతుంది. అరవై అన్న మాట మరిచిపో."

మొహం చిన్నబోయింది. "వంద కేజీలకి పొట్ట కోయించుకోవాలేటమ్మా?" అన్నాడు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, అంకెలతో బేరం మొదలుపెట్టడం. తొంభై అయిదు, సరే తొంభై, కూరగాయల బండి దగ్గరలాగ. నేనూ అదే చెయ్యబోయాను. నరసమ్మ అడ్డుపడింది.

"ఆ పోటోలో ఉన్నోడు ఏటి సేసీవోడో అడగండమ్మా. కేజీలెందుకు."

అడిగాను. అప్పుడు చెప్పాడు. అరవై అడుగుల ఎత్తున క్రేన్ కేబిన్. డెబ్భై నాలుగు ఇనుప మెట్లు. పద్దెనిమిదేళ్ళు రోజూ ఎక్కాడు. రెండేళ్ళ కిందట సగం మెట్ల మీద ఊపిరాడక ఆగిపోయాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. షిఫ్టు మొత్తం పని ఆపి తలలు ఎత్తి చూస్తుండగా ఇద్దరు నడుం పట్టి దించారు. మర్నాటినుంచి టూల్ రూమ్‌లో కూర్చోబెట్టారు.

"మిల్లంతా పైనుంచి సూసినోణ్ణమ్మా. ఇప్పుడు కూకుని స్పేనర్లు పంచుతున్నాను. ఆడు ఇచ్చీసినాడా, ఈడు ఇచ్చీసినాడా అని ఎంచుకుంటన్నాను."

మెడికల్ పరీక్షలో ఆ మెట్లు ఎక్కి చూపిస్తే కేబిన్ తిరిగి ఇస్తారు. లేకపోతే రిటైరయ్యేదాకా స్పేనర్లే. అదీ అసలు సంగతి. అతని కేసు కార్డు మీద అరవై కేజీలు కొట్టేసి డెబ్భై నాలుగు మెట్లు అని రాశాను. దాని కింద, సేఫ్టీ బూట్ల లేసులు తనే వంగి కట్టుకోవడం. అప్పటిదాకా అవి నరసమ్మే కడుతోంది.

"నీకేం కావాలి నరసమ్మా?" అన్నాను.

"గుర్రు తగ్గితే సాలమ్మా. పక్క కోటరు మద్రాసాయన గోడ కొడతన్నాడు."

అది కూడా రాశాను. ఆవిడని నేను అడిగిన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు కూడా అతని గురించే.

నా నోరు

మొదటి అయిదు వారాలు బాగా నడిచాయి. షిఫ్టు మారినప్పుడల్లా నాలుగో భోజనం ఒకటి చేరేది, అది తీసేశాం. పళ్ళకి రుద్దుకునే పొగాకు గుడాఖు మానిపించాం. ఊపిరితిత్తులకి బలం కోసం రోజూ బెలూన్లు ఊదమంటే టూల్ రూమ్‌లో ఊది కిటికీకి కట్టేవాడు. స్పేనర్ల కోసం వచ్చినవాళ్ళు ఎవరి పుట్టినరోజని అడిగేవారట. ఆపరేషన్ తర్వాత ఎలా తినాలో ముందే అలవాటు చెయ్యాలని ఆస్పత్రి స్టీలు గిన్నె ఒకటి ఇచ్చాను, వార్డులో పెరుగు పోసేది. చిన్న చెంచా, ముద్దకి ఇరవైసార్లు నమలడం, తింటున్నప్పుడు నీళ్ళు తాగకపోవడం. నూట నలభై ఒకటికి వచ్చాడు.

అయిదు తగ్గగానే ధీమా వచ్చింది. క్యాంటీన్లో సమోసా తిన్నానని తనే చెప్పాడు, అదీ నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది.

"తిను. ఆపరేషన్ అయ్యాక ఇక ఈ జన్మలో కడుపునిండా ఒక్క పూట తినలేవు. కోడికూర లేదు, గారె లేదు, పండగ లేదు. ఆ బతుకు అయిపోయింది, దానికో దణ్ణం పెట్టెయ్" అన్నాను.

భయపెడితే దారికొస్తాడనుకున్నాను. మా ప్రొఫెసరు దగ్గరనుంచి మా పెద్ద డాక్టరుగారిదాకా అందరూ నేర్పింది అదే. అప్పలరాజు నవ్వు ఆగిపోయింది. నరసమ్మ చెప్పులు అతని ముందు పెట్టి, తీసుకెళ్ళింది. మందు పనిచేసిందని సంతోషించాను.

రెండు వారాల తర్వాత బియ్యం కాటా నూట నలభై ఆరున్నర చూపించింది.

మేస్త్రీ కూడా జోకు వెయ్యలేదు. "ఏం తిన్నావు?" అంటే "ఏటీ నేదమ్మా" అంటాడు. నరసమ్మ నేల చూస్తుంది. తేదీకి మూడు వారాలు ఉంది. ఫైలు పెద్ద డాక్టరుగారి ముందు పెడితే అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నా వైపు చూడలేదు. నాలుగు మాటలని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

తొమ్మిదో ఇల్లు

ఆ మధ్యాహ్నమే సెక్టర్ 4 వెళ్ళాను. వాళ్ళ క్వార్టరుకి తాళం. ఎదురింట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అది రాధాబాయి ఇల్లు, ఈ ఛత్తీస్‌గఢ్ గడ్డ మీద పుట్టిన మనిషి. తలుపు తీసే ఉంది. లోపల చాప మీద అప్పలరాజు, ముందు పెద్ద కంచం, అందులో చీలాలనే బియ్యప్పిండి అట్లు, టమాటా చట్నీ, కోడికూర, పక్కన శనగపిండితో వేయించిన ఠేఠరీలు గుట్టగా. నన్ను చూసి ముద్ద పట్టుకున్న చేయి అలాగే గాలిలో ఆపేశాడు.

"మీరు కూడా కూర్చోండి దీదీ" అంది రాధాబాయి. "ఇవాళ మా వంతు."

వంతు ఏమిటో అర్థం కావాలంటే మా టౌన్‌షిప్ గురించి తెలియాలి. ఇక్కడ ఎవరికీ మేనమామలు లేరు, పెద్దమ్మలు లేరు, అందరూ ఎక్కడినుంచో ఉద్యోగానికి వచ్చి పడ్డవాళ్ళే. అందుకని ఎవరైనా వీధి విడిచి వెళ్తున్నారంటే, బదిలీ అయినా, రిటైరైనా, పురిటికి వెళ్ళినా, ఇంటికొక పూట పిలిచి అన్నం పెడతారు. బంధువులు చెయ్యవలసిన పని వీధి చేస్తుంది. నేనూ అలా తిన్నదాన్నే, పెట్టినదాన్నే.

అప్పలరాజు ఇక జన్మలో కడుపునిండా తినలేడని మేడమ్ చెప్పింది. ఆ మాట నరసమ్మ పంపు దగ్గర ఎవరితోనో అని ఏడ్చింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. వాళ్ళు చెయ్యవలసింది చేశారు. వాళ్ళది కాక వీధిలో పదకొండు ఇళ్ళు. అతని పొట్టకి ఇంటింటా వీడ్కోలు భోజనం. మెంతి చేపల పులుసు ఒకరు, గారెలూ కోడీ ఒకరు, పక్క క్వార్టరు మద్రాసాయన గోడ కొట్టడం మానేసి పొంగలి పంపాడు. ఎనిమిది ఇళ్ళు అయ్యాయి, ఇది తొమ్మిదోది.

"నీకు బుద్ధుందా?" అన్నాను అప్పలరాజుతో.

"పిలిసినోళ్ళ ఇంటికి ఎల్లకుండా ఎలాగమ్మా? మీరే దణ్ణం ఎట్టీమన్నారు. ఎట్టీస్తన్నాను."

"పాపం, బిచారాకి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది దీదీ" అంది రాధాబాయి. "ఆఖరిసారి తినేవాడి కంచం ముందు అలా అరవకూడదు."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు. ఉరిశిక్ష వేసింది నేను, ఆఖరి కోరిక తీరుస్తున్నది వీళ్ళు.

చాప మీద కూర్చున్నాను. "నేను అన్న మాట తప్పు" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం నా నోటినుంచి వినడం మా ఇంట్లోవాళ్ళకి కూడా అలవాటు లేదు. "ఆపరేషన్ అయ్యాక మొదట నీళ్ళలాంటివి, తర్వాత మెత్తటివి, కొన్ని నెలలకి మనం తినేవన్నీ తింటాడు. కోడికూర, చేప, గారె కూడా ఒక ముక్క. కాకపోతే ఈ గిన్నెడే తింటాడు. అదే అతనికి కడుపునిండా. లేదు, రాదు, ఎప్పటికీ అని నేను కోపంలో అన్నాను. అది నిజం కాదు."

అప్పలరాజు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"గిన్నెడు కోడికూర తినొచ్చా?"

"తినొచ్చు."

"ఈ మాట ముందే సెప్పీసుంటే ఎనిమిదిళ్ళు ఎందుకు తిరుగుతానమ్మా" అన్నాడు. కోపంగా కాదు, విసుగ్గా, స్పేనర్లు లెక్క తప్పినవాడిలాగ.

తర్వాతి బేరమంతా రాధాబాయిదే. పిలిచి పెట్టకుండా ఉండలేని రెండిళ్ళు మిగిలిపోయాయి, తన కంచం సగంలో ఆగిపోయింది, ఇది వీధికి మర్యాద కాదు. ఆరు నెలలు ఆగితే ఇంటికొక గిన్నె చొప్పున పదకొండు ఇళ్ళూ మళ్ళీ మొదటినుంచి పిలుస్తాయి. ఒప్పుకున్నాను. గిన్నె నాదే ఉండాలన్నాను.

అమ్మాయిలూ, చెయ్యిపట్టి చెబుతున్నాను. తినే మనిషికి "ఇక ఎప్పటికీ" అన్న మాట చెప్పకండి. ఆ మాట విన్నవాడు ఈలోపల మొత్తం తినేస్తాడు.

ఎనిమిదిన్నర

మిగిలిన మూడు వారాలకి చార్టు మళ్ళీ రాశాను. పల్చటి చోడంబలి, అదే రాగిజావ, మజ్జిగ, పప్పు కట్టు, చారు, రోజుకో గుడ్డు, ఉడికించిన కూర. చదివి వినిపించి నరసమ్మ చేతిలో పెట్టాను. "అతను ఇది తప్ప ఏమీ ముట్టకూడదు. ఇంట్లో వాసన కూడా రానివ్వకు" అన్నాను. చూడండి ఆ వాక్యం. ఆ ఇంట్లో వంట చేసే మనిషికి, వాసన రానివ్వకు అన్నాను. మరి నువ్వేం చేస్తావని అడగలేదు.

వారానికోసారి కాటా ఎక్కాడు. నూట నలభై రెండు. నూట ముప్ఫై తొమ్మిది. ఆఖరిరోజు నూట ముప్ఫై ఏడున్నర. మొదటినుంచి లెక్కేస్తే ఎనిమిదిన్నర. పదికి ఒకటిన్నర తక్కువ.

"ఓ సెయ్యి గోడకి ఆన్సి మళ్ళీ ఎక్కమంటారేటమ్మా?" అన్నాడు మెల్లిగా.

నిజం చెబుతాను, పది అని రాసెయ్యాలని నాకూ తోచింది. రాయలేదు. మంచిదాన్నని కాదు, బొంబాయి కాటా అబద్ధమాడదని. ఎనిమిదిన్నర అని రాసి పెద్ద డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాను.

"పది అన్నాను" అన్నారు.

"ఎనిమిదిన్నర సార్. మీరొకసారి బయటికి రావాలి."

ఆస్పత్రి మెట్లు మూడంతస్తులు. అప్పలరాజుని ఎక్కమన్నాను. రెండున్నర నెలల కిందట మొదటి మలుపులోనే కూలబడినవాడు రెండుసార్లు ఆగి మూడో అంతస్తుకి చేరాడు. పైనుంచి రెయిలింగు మీదికి వంగి, "డాక్టర్ సాబ్, ఇక్కణ్ణించి మీ బట్టతల కనిపిత్తంది" అని అరిచాడు, తెలుగులో. ఏమన్నాడని ఆయన నన్ను అడిగారు. నమస్కారం చెబుతున్నాడన్నాను.

సంతకం పెట్టారు. ఎనిమిదిన్నర అన్న అంకె కింద తనే సర్జన్‌కి నాలుగు ముక్కలు రాశారు, ఈ మనిషి అంకె కంటే మెరుగు అని. నన్ను పాతికేళ్ళలో ఒక్కసారి కూడా మెచ్చుకోని మనిషి. అయినా ఆయన పేరు చెబితే నేను లేచి నిలబడతాను.

దుర్గ్ స్టేషన్‌కి వీధి వీధంతా వచ్చింది. ఎవరూ తినేది ఏదీ తేలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. కిటికీలోంచి సంచీ అందివ్వడానికి నరసమ్మ చెయ్యి పైకెత్తింది. గాజులు గలగలమని మోచేతిదాకా జారిపోయాయి.

అప్పుడు చూశాను. రవిక భుజాల దగ్గర వేలాడుతోంది. మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. అడుగుదామనుకునే లోపల రైలు కదిలింది.

గిన్నె

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతే కష్టం. ఒకరోజు రొట్టెముక్క నమలకుండా మింగి, గంటసేపు మెలికలు తిరిగిపోయాడు. జుట్టు కొంత ఊడింది. నాలుగో నెలలో బరువు కదలడం మానేస్తే, వచ్చి నా ముందు కూర్చుని, ఇదంతా ఎందుకు చేయించుకున్నానమ్మా అన్నాడు. కార్డు తీసి చూపించాను. బూట్ల లేసులు అప్పటికే కట్టుకుంటున్నాడు. పక్కింటాయన గోడ కొట్టడం మానేసి నెలలైంది.

ఏడాదికి నూట ఒకటి. చేతుల కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. హీరో అన్నవాళ్ళని నేను పట్టుకుని అడుగుతాను, ఏ సినిమాలో అని.

మెట్ల పరీక్షరోజు గేటు పాసు తీసుకుని, తల మీద నిలవని హెల్మెట్ పెట్టుకుని మిల్లుకి వెళ్ళాను. ఒక షిఫ్టు షిఫ్టంతా మళ్ళీ తలలు ఎత్తి చూసింది. నలభై మెట్ల దగ్గర ఆగాడు. మూడేళ్ళ కిందట దించిన చోటు అదేనని పక్కవాళ్ళు చెప్పారు. అతను ఊపిరి పీల్చుకున్నాడు, బెలూను ఊదే ముందు పీల్చినట్టు. తర్వాత ఆగలేదు. కేబిన్ తలుపు మూసుకుంది. ఒక నిమిషం ఏమీ లేదు. అప్పుడు క్రేన్ గంట మోగింది, మోగి మోగి ఫోర్‌మన్ కిందనుంచి తిట్టేదాకా మోగింది.

పదకొండు ఇళ్ళూ మాట నిలబెట్టుకున్నాయి. స్టీలు గిన్నె ఇల్లిల్లూ తిరిగింది. పదకొండూ అయ్యాక, పెట్టినవాళ్ళకి తిరిగి పెట్టాలి కదా అని నరసమ్మ అందరినీ పిలిచింది, నన్నూ పిలిచింది. అప్పలరాజు గిన్నెడు కోడికూర అరగంట నమిలాడు. నరసమ్మ ఒళ్ళు కాస్త తేరుకుంది, గాజులు మళ్ళీ ముంజేతి దగ్గరే ఉన్నాయి. వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"ఆ మూడు వారాలు ఇంట్లో పొయ్యి వెలిగించావా?"

"ఆయనకి అంబలి కాయాల కదమ్మా."

"నీకు?"

నవ్వింది. "ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ. కూర ఏసుకోండి, సల్లారిపోతంది" అని గరిటె తీసుకుంది.

నా రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ ఇరవై ఒక్క రోజులూ అప్పలరాజు తాగిన ప్రతి గ్లాసు మజ్జిగా అందులో ఉంది. కాటా పక్కన చెప్పులు పట్టుకుని నిలబడిన మనిషిని ఒక్కసారి కూడా కాటా ఎక్కమనలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పేషెంటుతోపాటు, వాళ్ళింట్లో వంట చేసేవాళ్ళని కూడా తూచాను. అది ఏ పుస్తకంలోనూ లేదు, మా పెద్ద డాక్టరుగారు పిచ్చి అన్నారు, మీరు మాత్రం చెయ్యండి.

బజార్లో నరసమ్మ కనిపిస్తే ఇప్పటికీ అదే అడుగుతాను. ఇప్పటికీ గరిటె అడ్డం పెట్టుకున్నట్టే నవ్వి తప్పించుకుంటుంది. అందుకని ఇక్కడ రాసి అడుగుతున్నాను, ఎవరైనా చదివి వినిపిస్తారు. నరసమ్మా, ఆ ఇరవై ఒక్క రోజులూ నువ్వు ఏం తిన్నావు?